నీళ్లకు కొత్త గొట్టం

సీసాను తలకిందులు చేసి, లైటు వైపు పట్టి, ఒంటికన్నుతో అడుగు దాకా చూశాడు ఇజ్రాయేల్. తడి లేదు. అయినా ముక్కు ఆనించి మరోసారి వాసన చూశాడు. నిన్న సాయంత్రం తన చేత్తో తనే కడిగి, తనే ఆరబెట్టి, తనే సంచిలో పెట్టి తెచ్చుకున్న సీసా అది. రాత్రంతా తన మంచం పక్కనే ఉంది. అయితే ఏం? రాత్రి తను నిద్రపోయాడు కదా!

“పొయ్యి జానకమ్మా,” అన్నాడు చివరికి.

జానకమ్మ డ్రమ్ములోని పాలను గరిటెతో అడుగు నుంచి కలియబెట్టి సీసాలో పోసింది. “పోస్తున్న సార్. మంచిగ చూస్కోండ్రి,” అంది. ఆ మాటలో వెటకారం లేదు, అలసట ఉంది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండు పాత గోడౌన్ల మధ్య ఇరుక్కున్న కొట్టం ఆమెది. ఐదు బర్రెలు. వాటి వెనకే ఒక గది, అందులో ఆమె. మొగుడు పోయాక ఆ ఐదింటినీ ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. పాలు చాలామటుకు అబిడ్స్‌లోని ఆడపిల్లల హాస్టల్‌కే పోతాయి. పందొమ్మిదేళ్లుగా ఒక్కపూట తప్పలేదు.

ఇజ్రాయేల్ మూత బిగించాడు. మూత మీదుగా కాగితం పట్టీ అంటించి, దాని మీద అడ్డంగా సంతకం చేసి, జానకమ్మ చేత వేలిముద్ర వేయించాడు. తన వేలిముద్ర మాత్రం ఎక్కడా పడదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆసిడ్‌లలో, సబ్బునీళ్లలో నాని నాని ఆ వేళ్లు అరిగిపోయాయి. బ్యాంకులో మిషన్ మీద పెడితే ఎర్రలైటు వెలుగుతుంది. యాభై తొమ్మిదేళ్ల మనిషి, సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఎప్పుడూ ఏదో ఒకదాన్ని వాసన చూడబోతున్నట్టే కనిపిస్తాడు.

సీసాను ఐసుపెట్టెలో పెడుతూ మూలకు చూశాడు. నాలుగు బర్రెలు నిలబడి గడ్డి నములుతున్నాయి. ఐదోది, కొట్టంలో అన్నిటికన్నా ఎక్కువ పాలిచ్చే నీలం, పడుకుని ఉంది. పొదుగు మీద తడి గోనెపట్టా కప్పి ఉంది. పసుపు వాసన వస్తోంది.

“దానికేమైంది?”

“పొదుగు వాచింది సార్. నాలుగు దినాలాయె. దాని పాలు పిండి మోరీల పారబోస్తున్న. డ్రమ్ముల ఒక్క చుక్క పొయ్యలే.”

“మందు?”

“పసుపు, యాపాకు నూరి రాస్తున్న. గంతే.”

“సూది?”

“లే,” అంది జానకమ్మ వెంటనే.

మరీ వెంటనే అంది. ఇజ్రాయేల్ కళ్లు చికిలించాడు. అంత పొదుగు వాచిన బర్రెకు సూది వేయించకుండా ఊరుకునే మనిషి ఈ హైదరాబాద్‌లో ఉంటుందా? ఎవరికి చెబుతోంది? చెప్పుతో చెత్తను అటూ ఇటూ కదిపి చూశాడు. తవుడు సంచి దారాలు, చాయ్ కప్పులు, వేపపుల్లలు. మందుబుడ్డి కనిపించలేదు. కనిపించలేదంటే దాచిందన్నమాట.

“చూడు జానకమ్మా. మా ల్యాబ్ల పాలు జూసే గొట్టం ముంగట ఏదీ దాగదు. చెరువంత పాలల్ల చిటికెడు మందు పడ్డా పట్టుకుంటది.” ఈ మాట ఆమెతో ఇదివరకు ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు.

“ఎరికే సార్. రెండుసార్లు పట్టిందన్నరు. ఈ తాప గూడ పడితే హాస్టలోళ్లు పాలు బంద్ జేస్తరంట గద?”

“ఔ. ఇయ్యాల సాయంత్రానికి చిట్టీ పోతది.”

“బంద్ జేస్తే గివాటికి ఏం బెట్టి సాకాలె? అమ్ముకోవాల్సిందే. నేనేం ఎయ్యలే సార్. దేవునితోడు, ఏం ఎయ్యలే.”

ఇజ్రాయేల్ ఐసుపెట్టె మూత బిగించాడు. దేవుడిని సాక్ష్యానికి పిలిచినవాళ్లను అతను అసలు నమ్మడు. పెట్టె భుజానికి తగిలించుకుని సందులోంచి బయటపడ్డాడు.

ఇజ్రాయేల్‌కు అనుమానం పుట్టుకతో వచ్చిందని ల్యాబ్‌లో వాళ్లు నవ్వుకుంటారు. అది నిజం కాదు. మెదక్ మిషన్ కాంపౌండులో పెరిగిన రోజుల్లో ఎవరేం పెట్టినా తినేసేవాడు, ఎవరేం చెప్పినా తలూపేవాడు. అనుమానం రెండేళ్ల కిందట వచ్చింది, బెత్సీ పోయినప్పుడు. ఆమె కాలికి చిన్న పుండు లేచింది, అంతే. దవాఖానలో ఇరవై రెండు రోజులు ఉంచారు. ఒక మందు తర్వాత ఇంకొకటి ఎక్కించారు. ఏదీ పనిచేయలేదు. “రోగక్రిములు మందులకు అలవాటు పడిపోయాయి పెద్దాయనా. తినేదాంట్లో, తాగేదాంట్లో అన్నిట్లో ఇవే మందులు కదా ఈ రోజుల్లో,” అన్నాడొక కుర్ర డాక్టరు చేతులు తుడుచుకుంటూ. ఆయన అనేసి వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం ఇజ్రాయేల్ గుండెలో దిగబడిపోయింది.

బెత్సీ మాంసం పెద్దగా తినేది కాదు. గుడ్డు వాసన గిట్టదు. ఆమెకున్న ఒకే ఒక్క షోకు పాలు. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు, జానకమ్మ కొట్టంలోవే. ఇంక వేరే సాక్ష్యం దేనికి? చనిపోయిన భార్య కోసం అతనికి ఒక నేరస్థుడు కావాలి. దొరికితే గుండెబరువు కొంత దిగుతుందనుకున్నాడు. ఆదివారం చాపెల్ రోడ్డు చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు క్షమించే మాట వచ్చిన చోట పెదవులు కదిపేవాడే గాని గొంతు కలిపేవాడు కాదు.

ల్యాబ్ నాంపల్లి పెద్దరోడ్డు మీద ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉంది. ఓనరు వామన్‌రావు. తేనె, కోడిమాంసం, గుడ్లు, ఊరి చివర చెరువుల నీళ్లు, అన్నీ అక్కడికి వస్తాయి. వాటిలో రోగాల మందులు ఏమైనా మిగిలాయా అని చూస్తారు. పెద్ద మిషన్‌తో చూడాలంటే ఊరవతల ఇంకో ల్యాబ్‌కు పంపాలి, పన్నెండు రోజులు ఆగాలి. అందుకే ఈ ఏడాది ల్యాబ్ సైంటిస్టు మనస్విని మేడం కొత్త గొట్టాలు మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లు కూడా నిండని పిల్ల. ఇజ్రాయేల్‌ను అంకుల్ అంటుంది, కుర్చీ ఉంటే కూర్చోమంటుంది.

గొట్టం సంగతి ఆమె ఒక రోజు చాయ్ తాగుతూ చెప్పింది. ఒక మందు చుట్టూ ప్లాస్టిక్ లాంటి జిగురు పోసి గట్టిపడనిస్తారు. దాన్ని పొడి కొడతారు. లోపలున్న మందును కడిగి తీసేస్తారు. మందు పోతుంది గాని, అది కూర్చున్న గుంట ఉండిపోతుంది, పనస తొనలోంచి గింజ తీసినట్టు. ఆ గుంటలో ఆ గింజే పడుతుంది, ఇంకోటి పట్టదు. పొడిని చిటికెనవేలంత గొట్టంలో నింపి పాలు పోస్తే, పాలలో ఆ మందు ఉంటే వచ్చి గుంటల్లో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నదాన్ని ఇంకో ద్రావణంతో దించి, ఒక చుక్క పరీక్ష పట్టీ మీద వేయాలి. గులాబీరంగు తేలితే మందు ఉన్నట్టు. తెల్లగా ఉంటే లేనట్టు.

అది విన్న రోజు ఇజ్రాయేల్‌కు ఆ గొట్టం మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేం. ప్రపంచంలో తనకన్నా అనుమానం ఎక్కువ ఉన్న వస్తువు ఒకటుందని తెలిసింది. మొదటి కూర్పు గొట్టాలతో ఆరు వారాలు హాస్టల్ పాలు చూశారు. ఒక్కసారీ రంగు రాలేదు. అతనికి అదోలా ఉండేది. మూడు వారాల కిందట రెండో కూర్పు తయారైంది. పొడి కడిగింది తనే. ఈ ల్యాబ్‌లో కడగడమంతా తన పనే. ఆ గొట్టాలు వాడిన మొదటిసారే గులాబీ! రెండోసారీ గులాబీ! ఆ రాత్రి బెత్సీ ఫోటో ముందు నిలబడి, “దొరికింది,” అన్నాడు పైకే.

పది గంటలకు తెల్లకోటు తొడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. పాలు పోసే ముందు ప్రతిసారీ ఒక గొట్టంలో ఉత్త నీళ్లు పోసి చూడాలని నియమం. నీళ్లకు పట్టీ తెల్లగా ఉంటేనే గొట్టం మంచిదని లెక్క. ఇజ్రాయేల్ ఈ నియమాన్ని ఏనాడూ తప్పలేదు. కాకపోతే, కొత్త గొట్టాన్ని నీళ్ల పాలు చేయడానికి అతనికి చేతులు రాలేదు. ఒక్కసారి వాడి పారేసే సరుకు. మొదటి కూర్పులో మిగిలినవి డబ్బాలో ఉన్నాయి కదా, నీళ్లకు అవి చాలవూ? రెండుసార్లూ అట్లాగే చేశాడు. పుస్తకంలో “నీళ్లు: తెలుపు” అని రాశాడు. అందులో అబద్ధమేముంది? మనస్విని మేడం ఏ కూర్పు గొట్టమని అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇవాళ పాత డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. ఒక్కటీ లేదు. పళ్లు నూరుకుని, కొత్త డబ్బాలోంచి ఒక గొట్టం తీసి నీళ్లు పోశాడు. చుక్కను పట్టీ మీద వేసి గడియారం చూశాడు. ఐదు నిమిషాలు.

పట్టీ గులాబీరంగుకు తిరిగింది.

ఇజ్రాయేల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. గులాబీయే. అతనికి మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఎవడో నీళ్లలో మందు కలిపాడు.

తలుపు దగ్గర వాచ్‌మన్ రామచందర్ స్టూలు మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. నీళ్ల క్యాన్ కింది నుంచి మోసుకొచ్చేది అతనే.

“క్యాను ఎవరు దెచ్చిన్రు?”

“నేనే. ఎందుకే అన్నా?”

“మూత సీలు ఉండెనా? నువ్వు చూసినవా?”

రామచందర్ తల పైకెత్తాడు. “ఇగ నీళ్ల మీద పడ్డవా? పాలయినయి, తేనెయిపోయింది, నీళ్లు మిగిలినయి. మస్తున్నవు అన్నా నువ్వు!”

“అడిగినదానికి చెప్పు.”

“ఉండె. ఉండె గని, నీకు నేనేమన్న చేసిననా? ఇరవై దినాల సంది నన్ను దొంగను చూసినట్లు చూస్తున్నవు.”

ఇజ్రాయేల్ బల్ల దగ్గరికి వెనక్కు వచ్చాడు. నీళ్ల సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. పాలు పోసి చూశాడు. గులాబీ. ఇంకేం, పడనే పడింది!

మనస్విని మేడం లోపలి గదిలోంచి వచ్చింది. మొహం చూస్తే రాత్రి సరిగా నిద్రపోయినట్టు లేదు. “ఏమైంది అంకుల్?”

“పడింది మేడం.”

ఆమె నిట్టూర్చింది. “పాపం, ఆవిడ ఏమీ వేయలేదంటోంది కదా. పెద్ద మిషన్‌కు పంపుదాం అంటే హాస్టల్ వాళ్లు ఆగనంటున్నారు. నీళ్లు చూశారా?”

ఇజ్రాయేల్ నీళ్ల పట్టీని అరచేత్తో కప్పాడు. “చూసిన. తెలుపే,” అన్నాడు. అదేం పెద్ద అబద్ధమని అతనికి అనిపించలేదు. నీళ్లు చెడిపోయాయి గాని పాలైతే పట్టుబడ్డాయి కదా. ఇంకో మంచి నీళ్లు తెచ్చి, తెలుపు చూసి, రాసేస్తే సరిపోతుంది.

“సరే. లెటర్ టైప్ చేస్తాను. వామన్‌రావు సార్ నాలుగింటికి వచ్చి సంతకం పెడతారు,” అందామె.

పదకొండున్నరకు అబిడ్స్‌కు బయల్దేరాడు. బస్సెక్కలేదు. ఎండ మాడిపోతోంది. పెద్ద పోస్టాఫీసు ఎదురుగా బండ్ల మీద గొడుగులు, బెల్టులు, సెల్‌ఫోన్ కవర్లు. హారన్లు కొడుతూ ఆటోలు మనుషుల మధ్యలోంచే దూరుతున్నాయి. తోవలో ఆడపిల్లల హాస్టల్ గేటు దాటాడు. వంటగదిలోంచి కాగిన పాల వాసన వచ్చింది. ముక్కు మూసుకున్నాడు.

మందుల షాపులో కిషన్ అనే నడివయసు మనిషి ఉన్నాడు. “సూదిమందుల కలిపే నీళ్లుంటయి గద, గాజుబుడ్లు. ఐదియ్యి,” అన్నాడు ఇజ్రాయేల్.

“పేషంటు ఎవరు సార్?”

“పేషంటు లేడు.”

“మరి సూది ఎవరికి?”

“సూది లేదు. నీళ్లే గావాలె. మంచివేనా?”

కిషన్ అతన్ని ఎగాదిగా చూశాడు. “నీళ్లల్ల మంచియి చెడ్డయి ఏముంటయి సార్? కంపెనీ సీలు ఉంది, సూడుండ్రి.”

ఇజ్రాయేల్ ఒక్కొక్క బుడ్డినీ ఎండకు పట్టి చూశాడు. తారీకు చదివాడు. మెడ దగ్గర గీత ఉందో లేదో గోటితో తడిమాడు. ఐదూ కొన్నాక, ఒకే షాపును నమ్మితే ఎట్లా అనిపించింది. కోఠి వైపు మళ్లి ఇంకో షాపులో ఇంకో ఐదు కొన్నాడు. ల్యాబ్‌కు తిరిగొచ్చేసరికి ఒకటిన్నర. చొక్కా వీపుకు అంటుకుపోయింది. టిఫిన్ డబ్బా విప్పలేదు.

అబిడ్స్ నీళ్లు ఒక కొత్త గొట్టంలో, కోఠి నీళ్లు ఇంకో కొత్త గొట్టంలో పోశాడు. ఐదు నిమిషాలు కూర్చున్నాడు.

రెండూ గులాబీ.

అబిడ్స్ షాపువాడు, కోఠి షాపువాడు, క్యాన్ కంపెనీవాడు, ముగ్గురూ కూడబలుక్కుని నీళ్లలో ఒకే మందు కలిపారని నమ్మడానికి ఇజ్రాయేల్ అనుమానం కూడా చాలలేదు. అయితే గొట్టాల్లోనే ఎవరో ఏదో చేశారు. ఎవరు? రామచందరే! ఇరవై రోజుల కిందట స్పిరిట్ దొంగతనం చేసినవాడు గొట్టాలను ముట్టడని ఏముంది?

లేచి మూల బీరువా దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు పొడి కడుగుతున్నాడు తను. పొడిని గాజు సామానులో పెట్టి, కింద హీటరు వేసి, ఘాటైన స్పిరిట్‌ను కాచి దాని మీదుగా పారిస్తూ ఉండాలి. ఇరవై నాలుగు గంటలు ఆపకుండా కడగాలని మేడం కాగితం మీద రాసిచ్చింది. సాయంత్రం చూస్తే స్పిరిట్ సీసాలో నాలుగు వేళ్లు తగ్గింది. తాగితే కళ్లు పోయే సరుకని బోర్డు ఉన్నా సరే, రామచందర్ నోరే గుర్తొచ్చింది. రాత్రి వాడొక్కడే ఉంటాడు. హీటరు ఆపేశాడు. స్పిరిట్ అంతా సీసాలోకి ఒంపి, మట్టం దగ్గర గీత గీసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పటికి కడగడం మొదలై తొమ్మిది గంటలే అయింది. పొద్దున వచ్చి పొడి మీద కాస్త నీళ్లు పోసి చూస్తే తేటగా దిగాయి. ముప్పై ఒక్క ఏళ్లు గాజుసామాను కడిగిన మనిషికి తేటనీళ్లకన్నా పెద్ద రుజువేముంటుంది? కడిగిన పుస్తకంలో “24 గంటలు” అని రాసేశాడు.

తాళంచెవి ఒక్కటే ఉంది. అది ఇరవై రోజులుగా తన మొలతాడుకు ఉంది. బీరువా తెరిచి సీసా బయటికి తీశాడు. తను వేసిన గీత సీసా మీద అట్లాగే ఉంది. స్పిరిట్ దానికి మరో రెండు వేళ్లు కిందికి ఉంది.

మూత తిప్పి చూశాడు. వదులుగా ఉంది. ఎవడూ తాగలేదు. గాలికి ఎగిరిపోయింది, అంతే.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. లోపల ఇరుక్కున్న మందుకు రంగు లేదు, వాసన లేదు. నీళ్లు తేటగా దిగినంత మాత్రాన అది పోలేదు. గొట్టంలో ఏది పోసినా, పాలు పోసినా, నీళ్లు పోసినా, ఆ మిగిలిన మందే మెల్లగా ఊరి పట్టీ మీదికి వస్తోంది. నీళ్లకు పాత గొట్టం వాడకపోయి ఉంటే మొదటి రోజే తెలిసేది. మూడు వారాలుగా జానకమ్మ పాలలో పట్టుకున్నది తను కడగకుండా వదిలేసిన మందునే.

ఎవరికీ తెలియదు. అదే అతన్ని అక్కడ కూర్చోబెట్టింది. నోరు మూసుకుంటే నాలుగింటికి సంతకం పడుతుంది. మార్చిలో కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తారు. చెబితే, తప్పుడు రాతలు రాసిన మనిషిని ఎవరుంచుకుంటారు? అది ఒక భయం. దాని కింద ఇంకో భయం ఉంది. అది చాలా పెద్దది. జానకమ్మ పాలు మంచివైతే, మరి బెత్సీని చంపిందెవరు? రెండేళ్లుగా వెతికి పట్టుకున్న ఒకే ఒక్క మనిషిని వదిలేస్తే, ఇంటికి పోయి ఆ ఫోటోకు ఏం చెప్పాలి? కళ్లు మండాయి. స్పిరిట్ ఘాటుకే అనుకున్నాడు. గోడ గడియారంలో రెండయింది, రెండున్నరయింది, మూడయింది.

మూడున్నరకు లేచి లోపలి గది తలుపు తట్టాడు.

“మేడం. పొద్దున నేను అబద్ధం జెప్పిన.”

మొత్తం చెప్పాడు. పాత గొట్టాలు, హీటరు, తాళం, ఇరవై నాలుగు అనే అంకె, ఏదీ దాచలేదు. మనస్విని లేచి వచ్చి తన చేత్తో ఒక కొత్త గొట్టం తీసి, తన సీసాలోని తాగే నీళ్లు పోసి, ఐదు నిమిషాలు నిలబడే ఉంది. గులాబీ. ఆమె మొహం పాలిపోయింది.

“నా తప్పు కూడా ఉంది అంకుల్. ఏ గొట్టమని నేను అడగాలి. మీ మీద నమ్మకంతో చూడలేదు,” అంది. తిట్టి ఉంటే బాగుండేదని అతనికనిపించింది. లెటర్‌ను చింపి బుట్టలో వేసింది. హాస్టల్‌కు ఫోన్ చేసి ఇదివరకటి రెండు రిపోర్టులూ తప్పేనని, పాలు ఆపొద్దని చెప్పింది. రెండుసార్లు క్షమాపణ అడిగింది. తర్వాత అతనివైపు చూడకుండా, “మీరు ఇంటికి వెళ్లండి. సార్‌తో నేను మాట్లాడతాను. రేపు… నేను ఫోన్ చేశాకే రండి,” అంది.

ఆ మాటకు అర్థం అతనికి తెలుసు. కోటు విప్పి మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. తలుపు దగ్గర రామచందర్ ముందు ఆగాడు. “స్పిరిట్ నువ్వు తియ్యలే. గాలికి పోయింది,” అన్నాడు.

“ఏం స్పిరిట్?” అన్నాడు రామచందర్ అయోమయంగా.

మెట్లు దిగి ఇంటికి పోలేదు. స్టేషన్ వైపు నడిచాడు. నడుస్తున్నకొద్దీ అడుగు వేగం పెరిగింది. చాలా రోజుల తర్వాత ఒక మనిషికి మంచి కబురు మోసుకుపోతున్నాడు. జానకమ్మ తిట్టనీ, మట్టెత్తి పొయ్యనీ. పాలు ఆగవు. బర్రెలను అమ్ముకోనక్కర్లేదు. ఆ నీలానికి పశువుల డాక్టరును పిలిచి సూది వేయిస్తే నాలుగు రోజుల్లో లేస్తుంది. కావాలంటే డాక్టరును తనే పిలుచుకొస్తాడు.

సందులో నేలంతా తడిగా ఉంది. బ్లీచింగ్ పౌడర్ వాసన వేస్తోంది. ఎందుకా అని కూడా ఆలోచించకుండా గుమ్మంలోంచే కేకేశాడు.

“జానకమ్మా! పాలు మంచియే. నీ తప్పేం లేదు, నాదే తప్పు. హాస్టల్‌కు ఫోన్ జేసి చెప్పిన్రు. నువ్వు ముందుగాల బర్రెకు సూది ఏపియ్యి.”

జానకమ్మ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. తలెత్తి చూసింది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

“ఏ బర్రెకు సార్?” అంది.

నాలుగు బర్రెలు నిలబడి గడ్డి నములుతున్నాయి. మూల ఖాళీగా ఉంది.

“పగటీలి లేవబోయింది. లేవలే. గట్లనే తల వాల్చింది. ఇంతకుముందే మున్సిపాలిటీ బండొచ్చి తీస్కపోయిన్రు.” ఆమె గొంతు పక్కింటి సంగతి చెబుతున్నట్టు ఉంది. “డాక్టర్ మొన్ననే సూది రాసిండు సార్. ఏస్తే దక్కుతదన్నడు. నేనే వద్దన్న. ఏం ఎయ్యకుంటనే మీ గొట్టంల పడుతుంటే, ఏస్తే మీరు ఊకుంటరా? అన్నీ గీ చేతులతోనే పిండుత. ఒక్క చుక్క పడ్డా పట్టుకుంటదని మీరే అంటిరి. ఒక్కదాన్ని చూస్కుంటే నాలుగు పోతయనుకున్న.”

“నేను కడగలే జానకమ్మా,” అన్నాడు ఇజ్రాయేల్.

“ఏం కడగలే?”

చెప్పబోయాడు. పొడి, హీటరు, తాళం. ఈ కొట్టంలో నిలబడి ఆ మాటలు ఏ ముఖంతో చెబుతాడు? చేతులు జోడించాడు. జానకమ్మ ఆ అరిగిన వేళ్లను ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. కొంగు బిగించి లేచింది. బకెట్ తిరగేసి, కడిగి, మొదటి బర్రె దగ్గర కూర్చుంది. హాస్టల్‌కు సాయంత్రం పాలు పోవాలి. బకెట్లో పాలధార పడుతున్న చప్పుడు మొదలైంది.

ఇజ్రాయేల్ కదలలేదు. మూలన గోనెపట్టా కూడా లేదు. నేల కడిగేశారు. గుంజకు మాత్రం పలుపు ఇంకా కట్టే ఉంది. దాని ముడి ఎవరూ విప్పలేదు, మూర కిందికి కత్తితో కోశారు.